ఖాళీగా వదలాల్సిన గడి

కోడుమూరు,
2 డిసెంబరు 2024

అమ్మా ఏసుమణీ,

నీకు, మీ ఆయన వసంతకుమార్‌కు అన్న దావీదురాజు వందనాలు. ఇక్కడ మీ వదిన కృపారాణి మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం.

ఫోను చెయ్యవచ్చు కదా అని నువ్వు ఎప్పుడూ అనేదే. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు మోతలో టికెట్లు కొట్టిన చెవులు నావి. నువ్వు 'అన్నా' అనేవరకు వినిపిస్తుంది, ఆ తర్వాత అంతా డీజిలు చప్పుడే. కాగితం మీద అయితే నువ్వు గొణిగినా వింటాను.

కోత పండుగ రోజు మన గుడిలో మీ ల్యాబు తరఫున నువ్వు పెట్టిన రక్త పరీక్షల క్యాంపు రిపోర్టులు మొన్న అందాయి. నాది విప్పి చూస్తే అంతా నల్ల అచ్చు. చెడ్డ కొవ్వు గడిలో మాత్రం నీ చేత్తో, పచ్చ సిరాతో, 70. ఆ సున్నా తోక పైకి లేపడం చిన్నప్పటి నుంచీ నీ అలవాటు, చూడగానే గుర్తుపట్టాను. మిషను కొట్టిన అంకెలను నేను నమ్మను. టికెట్టు మిషను ఎన్నిసార్లు మొరాయించిందో నాకు తెలుసు. నా చెల్లెలు పచ్చ సిరాతో రాసిందంటే అది గెజిటెడ్ ఆఫీసరు సంతకం కింద లెక్క.

మూడేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేసిన రోజున అదే గడిలో 168 ఉండింది. 'డెబ్బై దాటనీయొద్దు పెద్దాయనా' అన్నాడు డాక్టరు. దాటలేదు. నిన్న ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. 168 నుంచి 70కి దేవుడు దించాడని, నా చెల్లెలే పరీక్ష చేసిందని చెప్పి కాగితం ఎత్తి చూపించాను. గుడంతా స్తోత్రం అంది. పాస్టరు అయ్యగారు వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

కొవ్వు తగ్గడానికని డాక్టరు రాసిన ఆ తెల్ల మాత్ర ఆపేశాను. స్టేజి వచ్చాక దిగిపోవాలి కదా, ఇంకా సీట్లో కూర్చుంటే ఎట్లా. పిక్కల నొప్పులు కూడా తగ్గినట్టే ఉన్నాయి.

జీవమ్మ చిన్నమ్మకు 61 వచ్చింది, అది కూడా పచ్చ సిరాతోనే. 'నీకంటే నాకే తక్కువ వచ్చిండాది చూడప్పా' అని నన్ను ఎగతాళి చేస్తోంది. చదువు రాకపోయినా ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది.

నీ అన్న,
దావీదురాజు


కడప,
7 డిసెంబరు 2024

అన్నకు,

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా అందింది. చదివి రెండు శాంపిళ్ళు తారుమారు చేయబోయాను. మా ఆయన తుమ్మలపల్లె గనిలో షిఫ్టుకు పోయాడు, ఇంట్లో ఎవరూ లేరు, అందుకని వెంటనే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఆ మాత్ర మళ్ళీ మొదలుపెట్టు. ఈ ఉత్తరం మడిచేలోపే వేసుకో.

ఆ 70 కొలిచిన సంఖ్య కాదన్నా, లెక్కగట్టిన సంఖ్య. మొత్తం కొవ్వును మిషను కొలుస్తుంది. మంచి కొవ్వును కొలుస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ అని ఇంకొకటి ఉంది, తిన్న తిండిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్నీ కొలుస్తుంది. చెడ్డ కొవ్వును మాత్రం మా దగ్గర మామూలుగా కొలవరు. మొత్తంలో నుంచి మంచిది తీసేసి, ఆ ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదోవంతు కూడా తీసేసి, మిగిలింది చెడ్డది అనుకుంటారు.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. బస్సులో మొత్తం ఎంతమందో నువ్వు తలలు లెక్కపెట్టావు. టికెట్టు తీసుకున్నవాళ్ళు ఎందరో తెలుసు. పాసులవాళ్ళను ఒక్కొక్కరిని అడిగే తీరిక లేక, రోజూ ఐదోవంతు ఉంటారులే అని తీసేశావు. మిగిలినవాళ్ళు టికెట్టు లేనివాళ్ళు. మామూలు రోజుల్లో ఈ లెక్క కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది. తిరునాళ్ళ రోజు పాసుల పిల్లలు ఎక్కడుంటారు? ఉన్నదంతా తిరునాళ్ళ జనమే. నువ్వు అలవాటు కొద్దీ ఐదోవంతు తీసేస్తే, టికెట్టు లేనివాళ్ళు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తారు. బస్సులోనే ఉంటారు, లెక్కలో ఉండరు.

ఆ రోజు నీ రక్తం అట్లాంటిదే. పొద్దున్నే ఖాళీ కడుపుతో తీద్దామని మేము ఏడు గంటలకే వచ్చాం. ఆరాధన అయింది, కానుకల వేలంపాట అయింది, గుమ్మడికాయ దగ్గర మన దాసన్న, బొజ్జన్న పంతం పట్టి పాటను గంటసేపు సాగదీశారు. రక్తం తీసేసరికి అందరూ పొట్టేలు కూర తిని చేతులు తుడుచుకుంటున్నారు. నీ ట్రైగ్లిజరైడ్స్ 430. నాలుగు వందలు దాటితే ఆ లెక్క పనికిరాదు. నీ చెడ్డ కొవ్వు వందో, ఇంకా ఎక్కువో నాకు తెలియదు. డెబ్బై మాత్రం కాదు.

పన్నెండు గంటలు ఏమీ తినకుండా మళ్ళీ చేయించుకో. మాత్ర మాత్రం ఆపొద్దు.

నీ చెల్లెలు,
మణి


కోడుమూరు,
14 డిసెంబరు 2024

ఏసుమణికి,

నీ ఉత్తరం మీ వదిన కూడా చదివింది. చదివి, కలిపిన చపాతీల పిండినే మళ్ళీ మళ్ళీ పిసుక్కుంటూ కూర్చుంది. దాన్ని బట్టే నాకు తెలిసింది, ఆమెకూ బాధ కలిగిందని.

నా బస్సులో టికెట్టు లేనివాళ్ళు ఉన్నారంటావా. తొంభై ఆరులో డోన్ దగ్గర చెకింగులో, శెనక్కాయ మూటల వెనక నక్కిన ఒకడి కోసం నన్ను నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టిన సంగతి నువ్వు మరిచిపోయావనుకున్నాను. నేను తలలు లెక్కపెట్టకుండా ఏ రోజూ ఐదోవంతు అనుకోలేదు. ఒక్కొక్క పాసు చేతిలోకి తీసుకుని ఫోటో చూసి ఇచ్చిన మనిషిని. ఇన్నేళ్ళకు సొంత చెల్లెలు ఆ మాట ఎత్తితే నేనేమనుకోవాలి.

ఇంకొకటి. గుడిలో రెండు వందల మంది ముందు కాగితం ఎత్తి చూపించాను. ఇప్పుడు పోయి 'అది పొట్టేలు కూర లెక్క' అని చెప్పమంటావా? నువ్వు కడప పోయాక ప్రార్థన తగ్గించావని చిన్నమ్మ అంటుంది. నేను ఎప్పుడూ ఆ మాటకు అడ్డం చెప్పేవాణ్ణి.

చిన్నమ్మ కూడా ఆ తెల్ల మాత్ర మానేసింది. నేను చెప్పలేదు, నా సాక్ష్యం విని తనంతట తనే మానుకుంది. షుగరు మాత్ర, బీపీ మాత్ర వేసుకుంటోంది. మీ వదిన అడిగితే, 'మా మణి రాసిచ్చిండాది. దాన్ని ఈ చేతులతో పెంచితి. అది నాకు తప్పు రాస్తాదా?' అంది. నీ మీద ఆమెకున్నంత నమ్మకం నీకు నీ మీద లేనట్టుంది.

క్రిస్మస్‌కు రానని ముందే అన్నావు. సరే.

దావీదురాజు


కడప,
19 డిసెంబరు 2024

అన్నా,

డోన్ సంగతి నేను మరిచిపోలేదు. ఆ నెలంతా నువ్వు గుడికి రాకుండా ఇంటి వెనక వేపచెట్టు కింద కూర్చోవడం నేను చూశాను. పోలిక చెప్పేటప్పుడు మాత్రం అది మనసులో లేదు. నీ భాషలో చెప్తే నీకు దగ్గరగా ఉంటుందనుకుని పుండు మీదే వేలు పెట్టాను. క్షమించు.

ఇప్పుడు నేను ముందే చెప్పాల్సింది చెప్తాను. సిగ్గుపడి గత ఉత్తరంలో దాచాను.

ట్రైగ్లిజరైడ్స్ నాలుగు వందలు దాటితే మా మిషను ఆ గడిని ఖాళీగా వదిలేస్తుంది. దానికే తెలుసు, ఆ లెక్క చెయ్యకూడదని. ఆ రోజు క్యాంపులో తొమ్మిది మందికి అట్లా ఖాళీ వచ్చింది. అందులో నువ్వు, చిన్నమ్మ ఉన్నారు. అప్పుడు చెడ్డ కొవ్వును నేరుగా కొలిచే వేరే పరీక్ష చెయ్యాలి. దానికి వేరే మందు కావాలి, క్యాంపులకు మా ఓనరు అది ఇవ్వడు. 'ఖాళీ గడి పోతే జనం ఏమనుకుంటారమ్మా, పరీక్ష చెయ్యలేదనుకుంటారు. లెక్కేసి నింపు' అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. పైగా నా మనసులో కూడా, మన ఊరి వాళ్ళకు, మన గుడి వాళ్ళకు, ఖాళీ కాగితం పంపడం ఇష్టం లేకపోయింది. కాలిక్యులేటరు తీసుకుని తొమ్మిది గడులు నింపాను. పచ్చ సిరా ఎందుకంటే చేతికి దొరికిన పెన్ను అది. గెజిటెడ్ ఆఫీసర్లకూ దానికీ ఏ సంబంధం లేదు.

ఇరవై ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా వీధిలో లేరు. అయినా నింపాను.

మిగతా ఏడుగురికీ ఫోను చేసి చెప్పాను. ఇద్దరు తిట్టారు, ఒకాయన నవ్వాడు, మిగతావాళ్ళు సరే అన్నారు. చిన్నమ్మకు ఫోను లేదు. వదిన ఫోనుకు చేసి చిన్నమ్మకు ఇవ్వమంటే, 'ఆ మాట మీ అన్ననే చెప్పాల, నా ఫోనులో వింటే నేనే చెప్పించినానంటాది, ముందే నాకూ ఆమెకూ పడదు' అంది. నువ్వు చెప్పన్నా. ఆమె 61 కూడా 61 కాదు. ఆమె ట్రైగ్లిజరైడ్స్ 515. నేను వచ్చి చెప్పేదాన్నే, కానీ మా ల్యాబులో ఇద్దరం, రెండో అమ్మాయి కాన్పుకు పోయింది, మార్చి దాకా నాకు ఒక్క రోజు సెలవు లేదు.

నాది తప్పని చెప్పు. నా పేరు పెట్టే చెప్పు.

మణి


కోడుమూరు,
2 జనవరి 2025

అమ్మా మణీ,

కొత్త సంవత్సరంలో దేవుడు నిన్ను దీవించాలి. కోపం అంతా పాత సంవత్సరంలోనే వదిలేశాను.

నీ మాట ప్రకారం పరీక్ష చేయించుకున్నాను. నువ్వు పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో అన్నావు. పన్నెండు గంటలకే నిజం బయటపడితే మూడు రోజులకు ఇంకెంత నిజం రావాలి అనుకుని, క్రిస్మస్ అయ్యాక శుక్రవారం నుంచి మూడు రోజులు మంచినీళ్ళ మీద ఉపవాస ప్రార్థనలో కూర్చున్నాను. నాలుగో రోజు కర్నూలు బస్సులో కళ్ళు తిరిగితే కండక్టరు పిల్లవాడు తన సీటు ఇచ్చాడు. నేను నేర్పిన పిల్లవాడే.

చెడ్డ కొవ్వు 149. అచ్చులోనే ఉంది, పచ్చ సిరా లేదు. ట్రైగ్లిజరైడ్స్ 180.

కాగితం పట్టుకుని బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను మణీ. పొట్టేలు కూర తిన్న రోజున 70. దేవుడి సన్నిధిలో మూడు రోజులు పస్తులున్న రోజున 149. ఏది నాది? తలలు లెక్కపెట్టినట్టు ఒక్కసారి లోపలికి చూసి లెక్కపెట్టేవాడు ఎవరూ లేరా? నాకు భయం వేసింది. స్టెంటు వేసిన రోజు కూడా అంత భయం వెయ్యలేదు.

మాత్ర మళ్ళీ మొదలుపెట్టాను. గుడిలో ఇంకా ఎవరికీ చెప్పలేదు. కొన్ని రోజులు పోనీ.

చిన్నమ్మ సంగతి నాకు వదిలెయ్. ఆమెతో ఎట్లా మాట్లాడాలో నాకు తెలుసు.

నీ అన్న,
దావీదురాజు

మణీ, కింద ఖాళీ ఉంటే రాస్తున్నా. మీ అన్న ఆ మాత్రను గదిలోకి పోయి తలుపేసుకుని మింగుతున్నాడు, సారా తాగేవాడి మాదిరి. అడిగితే దగ్గు మందు అంటాడు. నువ్వేమీ అడగొద్దు, మింగనీ. మీ వదిన.


కడప,
8 జనవరి 2025

అన్నకు, వదినకు,

మాత్ర మొదలుపెట్టావన్న వాక్యం మూడుసార్లు చదివాను. మూడు రోజుల పస్తుల సంగతి చదివినప్పుడు మాత్రం ఎదురుగా ఉంటే కొట్టేదాన్ని. పన్నెండు గంటలు అంటే పన్నెండే అన్నా. నిజం దోసకాయ కాదు, ఎక్కువ రోజులు ఉంచితే పండడానికి.

ఏది నాది అని అడిగావు. 149 కూడా లెక్కగట్టిందే. కానీ ట్రైగ్లిజరైడ్స్ తక్కువ ఉన్నప్పుడు ఆ లెక్కను నమ్మవచ్చు, అటూ ఇటూగా నిజానికి దగ్గర. పైగా నువ్వు నెల రోజులు మాత్ర మానేశావు, దానికీ పెరిగి ఉంటుంది. పస్తులు కూడా అంకెలను కొంత కదిలిస్తాయి. ఇందులో దేనికి ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. మాత్ర వేసుకుంటూ మూడు నెలలయ్యాక నా దగ్గరికి రా, నేరుగా కొలిచే పరీక్ష చేస్తాను. అప్పుడు నీది ఏదో నీకు చెప్తాను.

చిన్నమ్మ సంగతి నాకు వదిలెయ్ అన్నావు కదా, ఈపాటికి చెప్పే ఉంటావు. అందుకు నీకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆమె ఏమంది? నన్ను తిట్టిందా? తిడితే బాగుండు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చిన రోజున కూడా తిట్టలేదు, తన చెవి కమ్మ అమ్మి కొత్తది తెచ్చింది. నన్ను తిట్టడం ఆమెకు రాదు, నేర్చుకోమను.

మార్చిలో రెండో అమ్మాయి డ్యూటీకి రాగానే వచ్చేస్తాను. చిన్నమ్మ పక్కన పడుకుంటానని చెప్పు.

మణి


కోడుమూరు,
10 ఫిబ్రవరి 2025

మణీ,

చిన్నమ్మ పడిపోయిందని నువ్వు వచ్చి ఆస్పత్రిలో ఉన్న రెండు రోజులూ నీతో మాట్లాడాలనే చూశాను. వార్డులో నువ్వు చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చేది, నేను అరిచి చెప్పాల్సి వచ్చేది. ఇది అరిచి చెప్పే మాట కాదు. నువ్వు కడప బస్సు ఎక్కేవరకు నోరు తెరవలేకపోయాను.

నేను చిన్నమ్మకు చెప్పలేదు.

మూడుసార్లు పోయాను. మొదటిసారి పోయేసరికి పక్కింటి మనిషికి ఆ కాగితం చూపిస్తోంది. 'ఈ పచ్చది మా మణి రాసింది. మావోళ్ళలో ఇట్ల రాసేది అది ఒకటే' అంటోంది. టీ తాగి వచ్చేశాను. రెండోసారి చెప్పబోతే, 'ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు, మణికి బాగలేదా?' అని కంగారు పడింది. బాగుంది అని చెప్పి వచ్చేశాను. మూడోసారి, 'ఆ తెల్ల మాత్ర కూడా వేసుకో చిన్నమ్మా, ఏం పోతాది' అన్నాను. 'నువ్వు వేసుకుంటాండావా?' అని అడిగింది. గుడిలో అంతమంది ముందు చెప్పినవాణ్ణి కదా. లేదు అన్నాను.

నీ మీద ఆమెకున్న గర్వాన్ని నా నోటితో తియ్యలేకపోయాను అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. నా సాక్ష్యం నిలబెట్టుకోవాలని కూడా ఉండింది. అదీ నిజమే.

ఆ రోజు పొద్దున శెనక్కాయలు ఒలుస్తూ పక్కకు ఒరిగిపోయింది. నీకు ఫోను చేసి మీ వదిన చెప్పింది అంతవరకే. ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం, మా ముందు గదిలోనే మంచం వేశాం. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. మన మాట కూడా ఆమెకు సరిగా అందడం లేదని డాక్టరు అన్నాడు. మనుషులను గుర్తుపడుతుంది, వస్తువులను గుర్తుపడుతుంది. మాట చెప్తే మాత్రం నోటి వైపు చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను. డాక్టరు ఐదు మాత్రలు రాశాడు. నాలుగు మీ వదిన చేతి నుంచి వేసుకుంటుంది. ఆ తెల్ల మాత్రను చూడగానే నోరు మూసుకుంటుంది. ఎడమ చేత్తో దిండు కింద నుంచి బైబిలు లాగి, నీ కాగితం తీసి, పచ్చ అంకె మీద వేలు పెట్టి చూపిస్తుంది. రోజూ ఇదే. రాగి జావలో పొడి చేసి కలిపితే చేదు కనిపెట్టి ఉమ్మేసింది. తర్వాత రెండు రోజులు మీ వదిన చేతి కూడు ముట్టలేదు. కాగితం తీసేస్తే మూలిగింది, ఆ మూలుగు వినలేక మళ్ళీ ఇచ్చేశాం.

డాక్టరు ఆ మాత్ర తప్పక వెయ్యాలంటున్నాడు, ఇంకోసారి వస్తే మనిషి మిగలదంటున్నాడు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

దావీదురాజు


కడప,
17 ఫిబ్రవరి 2025

అన్నా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు నీ మీద కోపంతో ఒక ఉత్తరం రాసి చించేశాను. రెండో రోజు నా మీద నాకు వచ్చిన కోపంతో ఇంకొకటి రాసి అదీ చించేశాను. నువ్వు మూడుసార్లు పోయి వెనక్కి వచ్చావు. నేను ఒక్కసారి కూడా పోలేదు. సెలవు లేదని రాసిన మనిషికి, ఆమె పడిపోయాక రెండు రోజులు సెలవు ఎట్లా దొరికింది?

ఆస్పత్రిలో ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనని మనిషి, తనకోసం ఏమీ దాచుకోని మనిషి. నేను ఆమె చెవిలో అంతా చెప్పాను అన్నా. గడి సంగతి, లెక్క సంగతి, తప్పు నాదన్న సంగతి. ఆమె నా నోటి వైపు చూస్తూ నా జుట్టు సర్దింది. క్షమించింది అనుకుని బస్సులో ఏడుస్తూ వచ్చాను. ఇప్పుడు నువ్వు రాసింది చదివాక తెలుస్తోంది, ఆమెకు ఒక్క మాట కూడా అందలేదని.

ఆమె అసలు సంఖ్య ఎంత ఉండేదని నన్ను నేనే అడుగుతున్నాను. క్యాంపు రక్తం వారం రోజులు ఉంచి పారేస్తాం. అది పోయింది. ఆస్పత్రిలో తీసింది పడిపోయిన తర్వాతి రక్తం, దాన్ని బట్టి నవంబరు సంగతి చెప్పలేం. మాత్ర వేసుకుని ఉంటే ఇది జరిగేది కాదా అని డాక్టరును అడిగాను. 'చెప్పలేమమ్మా. షుగరుంది, వయసుంది. వేసుకున్నా రావచ్చు' అన్నాడు. నా మనసు తేలిక చెయ్యడానికి అన్నాడో, నిజమే అన్నాడో తెలియదు. నువ్వు ఎప్పుడైనా అడిగితే నా జవాబు ఇదే. నాకు తెలియదు. ఇకమీదట కూడా తెలియదు.

ఒక ఆలోచన వచ్చింది. మాట అందకపోయినా నా రాతను గుర్తుపడుతుంది కదా. ఇందులో ఒక కాగితం పెడుతున్నాను. పాత కాగితం సైజుకే కత్తిరించాను. 61ని పెద్దగా రాసి అడ్డంగా కొట్టేశాను. కింద ఆ తెల్ల మాత్ర బొమ్మ గీసి, నోటి దగ్గర పెట్టుకున్నట్టు చెయ్యి గీశాను. నాకు బొమ్మలు రావు, నవ్వొద్దు. నేను రాసిందని తెలియడానికి పచ్చ సిరాతోనే రాశాను. ఆ పెన్ను పట్టుకోవడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

ఇది చూపించు. చూపించి పాతది మెల్లగా తీసెయ్. మార్చి పది తర్వాత నేను వచ్చేస్తాను.

మణి


కోడుమూరు,
3 మార్చి 2025

అమ్మా మణీ,

నీ కవరు గురువారం అందింది. చూపించిన తర్వాత నాలుగు రోజులు చూసి రాద్దామని ఆగాను.

ముందు గుడి సంగతి. నిన్న ఆదివారం లేచి నిలబడ్డాను. నేను చెప్పిన 70 తప్పు అన్నాను. మాత్ర మానేయడం తప్పు, దాచుకుని మింగడం ఇంకా తప్పు, చిన్నమ్మకు చెప్పకపోవడం అన్నిటికంటే తప్పు అన్నాను. ఎవరైనా నన్ను చూసి మాత్రలు మాని ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరికి పొండి అన్నాను. గుడంతా స్తోత్రం అంది. పోయినసారి ఎట్లా అన్నారో అట్లాగే. బయటికి వచ్చాక బొజ్జన్న నా భుజం తట్టి, 'శానా బాగా చెప్పినావన్నా, కండ్లల్ల నీళ్ళొచ్చినాయి' అన్నాడు. నువ్వు మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాను. 'అదేం లేదు, దేవుడు చూసుకుంటాడు. నీకు తగ్గించలేదా?' అన్నాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. తల ఊపాడు. ఏం విన్నాడో నాకు తెలియదు. చెవుడు నాకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇక చిన్నమ్మ. నీ కాగితం ఆమె ఎదురుగా విప్పి పట్టుకున్నాను. పచ్చ సిరా చూసింది. వెంటనే గుర్తుపట్టింది మణీ. పడిపోయిన నాటి నుంచి ఆమె ముఖంలో నవ్వు చూడలేదు, నోరు ఎడమ వైపుకే వచ్చినా అది నవ్వే. కాగితం నా చేతిలో నుంచి తీసుకుంది. నువ్వు కొట్టేసిన అంకె మీద, మాత్ర బొమ్మ మీద, చెయ్యి బొమ్మ మీద మెల్లగా వేలితో తడిమింది. కళ్ళకు అద్దుకుంది. మీ వదిన ఆశగా మాత్ర తెచ్చింది.

నోరు మూసుకుంది. బైబిలు తెరిచి పాత కాగితం తీసింది. కొత్తది దాని మీద పెట్టి, అంచులు సరిచేసింది.

ఇప్పుడు మాత్ర తెచ్చినప్పుడల్లా రెండు కాగితాలూ చూపిస్తోంది.

నీ అన్న,
దావీదురాజు